తెగినా తెలియని తీగ

మా రింగ్ పదకొండు నెలలపాటు రింగ్‌గా లేదు. ఆ సంగతి మాకు పన్నెండో నెలలో తెలిసింది.

నల్లగొండ జిల్లాలో ఒక సిమెంట్ ఫ్యాక్టరీ. పేరు అనవసరం. కంట్రోల్ రూమ్‌లో బయలుదేరి క్రషర్, రా మిల్, ప్రీహీటర్, కిల్న్, కూలర్, సిమెంట్ మిల్, ప్యాకింగ్ ప్లాంట్ చుట్టి మళ్లీ కంట్రోల్ రూమ్‌కే చేరే ఫైబర్ రింగ్ అది. దాని మీద పద్నాలుగు నెట్‌వర్క్ స్విచ్‌లు, యంత్రాల డేటాని అటూ ఇటూ పంపే పెట్టెలు. రింగ్‌ని వేయించింది, కాన్ఫిగర్ చేసింది, చివర్లో "సంతృప్తికరంగా పనిచేస్తోంది" అన్న కాగితం మీద సంతకం పెట్టింది నేనే. కాబట్టి ఇందులో ఎవరినైనా తిట్టాల్సి వస్తే ఆ వరసలో మొదట నిలబడేది నేను.

ఒక మధ్యాహ్నం ఎలక్ట్రికల్ కుర్రాడొకడు కూలర్ దగ్గర ప్యానెల్‌లో కూలింగ్ ఫ్యాన్ మార్చడానికి ఎంసీబీ దించాడు. ఆ ప్యానెల్‌లోనే మా స్విచ్ ఒకటి ఉంది. ఒక స్విచ్ పోతే పోనీ, మిగతావి రెండో వైపు నుంచి మాట్లాడుకోవాలి. డబ్బు పెట్టి రింగ్ వేసుకునేది అందుకే. అలా జరగలేదు. కంట్రోల్ రూమ్ తెరల మీద క్రషర్ నుంచి కిల్న్ దాకా అంకెలన్నీ ఒక్కసారిగా బూడిదరంగుకి తిరిగాయి. కూలర్ నుంచి రావలసిన 'నడవొచ్చు' అన్న ఇంటర్‌లాక్ సంకేతం అందక కిల్న్ ఫీడ్ ఆగింది, దాని వెనకే కిల్న్ ఆగింది. లోపల సరుకు 1450 డిగ్రీల దాకా కాగే గొట్టం అది. కదలకుండా వదిలేస్తే తన బరువుకి తనే వంగిపోతుంది. అందుకని అందరూ నెట్‌వర్క్ సంగతి వదిలేసి ముందు ఆగ్జిలరీ డ్రైవ్ మీద దాన్ని తిప్పడానికి పరిగెత్తారు. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని స్విచ్‌ల మీద పడ్డాను.

కథ చాలా చిన్నది. క్రషర్ దగ్గర ఫైబర్ పెట్టెలో ప్యాచ్ కార్డ్‌ని (స్విచ్‌కి కలిపే చిన్న ఫైబర్ తీగని) ఎలుక కొరికింది. ఎప్పుడో. స్విచ్ గడియారం 1970లో ఆగి ఉంది, ఎందుకంటే దానికి టైమ్ సర్వర్ చూపించాలన్న ఆలోచన నాకు రాలేదు. స్విచ్ ఎన్ని రోజులుగా ఆన్‌లో ఉందో చూసి, లాగ్‌లో ఉన్న గంటల్ని అందులోంచి తీసేసి, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే తేలింది పదకొండు నెలలు. తెగిన క్షణాన స్విచ్‌లను నడిపే ప్రోటోకాల్ తన పని తాను చేసింది. కళ్లు ఆర్పేలోగా రెండో దారి తెరిచింది. ఒక్క అంకె కూడా బూడిదరంగు కాలేదు, ఒక్క మోటారూ ఆగలేదు. అంత చక్కగా చేసింది కనుకే ఎవరికీ తెలియలేదు. ఆ రోజు నుంచి మా రింగ్ ఒట్టి గీత. రెండోచోట తెగడానికి కాచుకు కూర్చున్న గీత.

ఎవరికీ తెలియలేదు అన్నాను, అది పూర్తి నిజం కాదు. క్రషర్ టెక్నీషియన్‌ని అడిగితే అన్నాడు: "గా పసుపు లైటు మస్తు దినాల సంది గట్లనే కొట్టుకుంటున్నది సార్. మీరే అట్ల పెట్టిన్రేమో అనుకున్నం."

ఇండస్ట్రియల్ స్విచ్ కొన్నవాళ్లందరికీ తెలిసిన విషయం ఒకటుంది. పవర్ టెర్మినల్స్ పక్కనే ఫాల్ట్ రిలే అని రెండు స్క్రూలుంటాయి. పోర్ట్ పోయినా, రింగ్ తెరుచుకున్నా, రెండు సప్లైల్లో ఒకటి పోయినా ఆ కాంటాక్ట్ విడిపోతుంది. అక్కడి నుంచి రెండు తీగలు లాగి పీఎల్‌సీలో (యంత్రాల్ని నడిపే చిన్న కంట్రోల్ కంప్యూటర్‌లో) ఒక డిజిటల్ ఇన్‌పుట్‌కి కలిపితే కంట్రోల్ రూమ్‌లో అలారం మోగుతుంది. మా పద్నాలుగు స్విచ్‌లకీ ఆ స్క్రూలు ఖాళీగానే ఉన్నాయి. ఐఓ లిస్ట్‌లో (పీఎల్‌సీ ఇన్‌పుట్, అవుట్‌పుట్ల జాబితాలో) స్పేర్ ఇన్‌పుట్లు లేవని, తర్వాత చూద్దామని వదిలేశాను. తర్వాత అంటే ఎప్పుడో మీకు తెలుసు.

ఇక అసలు గొడవ. వారం తర్వాత మీటింగ్ పెట్టారు. అందులో తేలిన నిర్ణయం: ఇప్పుడు మేం వాడుతున్న ఎంఆర్‌పీ అనే రింగ్ ప్రోటోకాల్ నమ్మదగ్గది కాదు, పీఆర్‌పీ అనే ఇంకో ప్రోటోకాల్‌కి మారదాం. దానికి రికవరీ టైమ్, అంటే తెగాక మళ్లీ దారి దొరికేదాకా పట్టే సమయం, సున్నా. స్లైడ్ మీద ఆ సున్నాని పెద్ద అక్షరాల్లో వేశారు. దాన్ని చూసిన ప్రతి తలా ఊగింది. నా తల ఊగలేదు. ఎందుకు ఊగలేదో ఆ గదిలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు, ఈ ప్రోటోకాళ్లు ఎందుకు పుట్టాయో కాస్త చూడాలి. కరెంటు లైన్‌కో, నీళ్ల పైపుకో రెండో దారి కావాలంటే ఇంకోటి వేసి కలిపేస్తాం. మా స్విచ్‌లు వాడే ఈథర్నెట్‌లో అలా కలిపితే కొంప మునుగుతుంది. ఐపీ ప్యాకెట్‌కి ఆయుష్షు ఉంటుంది. రౌటర్ దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గి, సున్నా అయ్యాక చచ్చిపోతుంది. ఈథర్నెట్ ఫ్రేమ్‌కి (ఆ తీగల మీద వెళ్లే డేటా మూటకి) ఆ లెక్క లేదు. స్విచ్‌లను గుండ్రంగా కలిపితే అందరికీ అని పంపే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ ఒక్కటి చాలు, ఎవరో తీగ పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది, తిరిగినచోటల్లా కాపీలు పంచుతూ. 100 మెగాబిట్ లైన్ మీద అతి చిన్న ఫ్రేములు సెకనుకి లక్షా నలభై ఎనిమిది వేల పైచిలుకు పడతాయి. పీఎల్‌సీలో ఉండే చిన్న ప్రాసెసర్ ఆ వానలో తడిసి ముద్దవుతుంది. బ్రాడ్‌కాస్ట్ కనుక, తనది కాదని తలుపు వేసుకోవడానికి కూడా దానికి వీల్లేదు.

అంటే రెండో తీగ ఉండాలి, కానీ మొదటిది బతికున్నంతకాలం రెండోది లేనట్టే ఉండాలి. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో రేడియా పెర్ల్‌మన్ ఈ చిక్కు విప్పారు. స్విచ్‌లు తమలో తామే ఒక పెద్దని ఎన్నుకుంటాయి, ఆ పెద్దకి చేరే దగ్గరి దారి తప్ప మిగతావి మూసుకుంటాయి. గుండ్రాలు పోయి చెట్టు మిగులుతుంది. అదే స్పానింగ్ ట్రీ. 1990లో ఐఈఈఈ 802.1డీ ప్రమాణంలోకి ఎక్కింది. దారి తెగితే మళ్లీ చెట్టు కట్టుకోవడానికి ముప్ఫై నుంచి యాభై సెకన్లు. ఆఫీసులో ఈమెయిల్‌కి ఆ ఆలస్యం ఒక లెక్క కాదు. ఫ్యాక్టరీలో యాభై సెకన్లంటే అన్నీ ఆగిపోయాక ఇంకా నలభై ఐదు సెకన్లు మిగులుతాయి. 2001లో వచ్చిన ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ దాన్ని చాలావరకు సెకను లోపలికి తెచ్చింది. కానీ స్విచ్‌లన్నీ వలలా కలిపిన మెష్‌లో పెద్దగా ఎన్నికైన స్విచ్ చనిపోతే ఎంతసేపు పడుతుందో దానికే తెలియదు. అందుకే ఫ్యాక్టరీవాళ్లు చెట్లు వదిలి రింగులు పట్టుకున్నారు. రింగ్ ఆకారం ముందే తెలుసు కనుక ఎన్నికలూ చర్చలూ అక్కర్లేదు. ఒక మేనేజర్ ఉంటాడు. తన రెండు పోర్టుల్లో ఒకటి మూసుకుని, రెండు వైపులా టెస్ట్ ఫ్రేములు వదులుతుంటాడు. ఇటు వదిలినవి అటు అందినంతకాలం రింగ్ క్షేమం. మూడు వరసగా రాకపోతే మూసిన పోర్ట్ తెరుస్తాడు. 1990ల చివర్లో కంపెనీల సొంత రింగులుగా మొదలైన ఈ పద్ధతి 2010లో ఐఈసీ 62439-2 అనే అంతర్జాతీయ ప్రమాణంగా, ఎంఆర్‌పీగా ఖాయమైంది. యాభై స్విచ్‌ల వరకు, ఎంత ఆలస్యమైనా 200 మిల్లీసెకన్ల లోపు.

పీఆర్‌పీ దారి వేరు. అసలు మారడమే లేదు. ప్రతి పరికరానికీ రెండు పోర్టులు, రెండు వేర్వేరు నెట్‌వర్కులు. ప్రతి ఫ్రేమ్‌నీ రెండింట్లోనూ పంపు. అవతలివాడు ముందొచ్చింది తీసుకుని రెండోది పారేస్తాడు. ఏది ఏదో పోల్చుకోవడానికి ఫ్రేమ్ చివర ఆరు బైట్ల తోక తగిలిస్తారు. నాకు అన్నిటికంటే నచ్చేది ఆ తోకే. ముందు తగిలిస్తే మామూలు పరికరాలు బెదిరిపోతాయి. చివర తగిలించారు కనుక ఏదో ఖాళీ నింపే పాడింగ్ అనుకుని పట్టించుకోవు. పీఆర్‌పీ అంటే ఏమిటో తెలియని పాత ప్రింటర్ కూడా అదే నెట్‌వర్క్ మీద హాయిగా బతుకుతుంది. హెచ్‌ఎస్‌ఆర్ కూడా ఇదే కుదురులోది, కాకపోతే రెండు నెట్‌వర్కుల బదులు ఒకే రింగ్‌లో రెండు దిక్కులా పంపుతుంది. స్విచ్‌ల ఖర్చు తగ్గుతుంది, కానీ ప్రతిదీ రెండుసార్లు తిరుగుతుంది కనుక మంది ఎక్కువైతే మజ్జిగ పలచన.

ఈ రెండింటికీ తమ ఇల్లంటూ ఒకటుంది, అది సబ్‌స్టేషన్. ఐఈసీ 61850 అనే సబ్‌స్టేషన్ ప్రమాణంలోని ప్రాసెస్ బస్ (కొలతలు మోసే నెట్‌వర్క్) మీద కరెంటు, వోల్టేజీ కొలతలే ఈథర్నెట్ ఫ్రేములుగా వెళ్తాయి. 50 హెర్ట్జ్‌కి ఒక సైకిల్‌లో 80 శాంపిళ్ల చొప్పున సెకనుకి 4000, అంటే 250 మైక్రోసెకన్లకొకటి. అక్కడ ఎంఆర్‌పీ 200 మిల్లీసెకన్లు కళ్లు మూసుకుంటే పది సైకిళ్లు పోతాయి. సరిగ్గా ఆ పది సైకిళ్లలోనే ఫాల్ట్ వస్తే, లైన్‌ని తెంచి కాపాడాల్సిన రిలే గుడ్డిది. అక్కడ సున్నా అన్న మాటకి అర్థం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ ప్రాణం దాని మీద ఆధారపడి ఉంది. సబ్‌స్టేషన్లలో పీఆర్‌పీ వద్దనేవాడు ఎవడైనా ఉంటే నేను వాడి పక్కన నిలబడను.

కానీ మాది సిమెంట్ ఫ్యాక్టరీ. కిల్న్ ఉష్ణోగ్రత నిమిషాల మీద మారుతుంది. తెర మీద అంకె సెకనుకొకసారి మారుతుంది. వేగంగా జరగాల్సిన లూపులు ఏ పీఎల్‌సీలో ఆ పీఎల్‌సీలోనే తిరుగుతాయి. ప్రమాణంలో దీనికి గ్రేస్ టైమ్ అని ఒక మాట ఉంది. నెట్‌వర్క్ లేకుండా ప్లాంట్ ఎంతసేపు ఓర్చుకోగలదు అని. ప్రోటోకాల్ ఎంచుకునే ముందు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే, ఆ మీటింగ్‌లో ఎవరూ అడగనిదీ అదొక్కటే. మా గ్రేస్ టైమ్ చాలా చోట్ల సెకనుకి తక్కువ లేదు. మాకు 200 మిల్లీసెకన్లు ఏనాడూ బరువు కాలేదు. కిల్న్‌ని ఆపింది ఆ 200 మిల్లీసెకన్లు కావు, వాటి వెనక ఉన్న పదకొండు నెలలు.

చెప్పాలంటే ఎంఆర్‌పీతో మాకు ఒక ఇబ్బంది కమిషనింగ్‌లోనే వచ్చింది, దాని తప్పు కూడా ఎంఆర్‌పీది కాదు. ప్రొఫినెట్‌లో (పీఎల్‌సీలు వాడే ఈథర్నెట్ ప్రోటోకాల్‌లో) రిమోట్ ఐఓకి, అంటే దూరాన ఉన్న ఇన్‌పుట్-అవుట్‌పుట్ పెట్టెకి, అప్‌డేట్ టైమ్ 8 మిల్లీసెకన్లు పెట్టాను. మూడు అప్‌డేట్లు అందకపోతే లింక్ పోయినట్టే అని వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ మామూలుగా లెక్కేస్తుంది. అంటే 24 మిల్లీసెకన్లు. రింగ్ మారడానికి 200 దాకా పట్టొచ్చు. రింగ్ చక్కగా మారేలోపే ఐఓ స్టేషన్ "నాకెవరూ లేరు" అని అవుట్‌పుట్లు వదిలేస్తుంది. నెట్‌వర్క్ ఇంజినీరు తన భాగం సరిగ్గా చేశాడు, పీఎల్‌సీ ఇంజినీరు తన భాగం సరిగ్గా చేశాడు, రెండూ కలిశాక రింగ్ ఉన్నా లేనట్టే. కేబుల్ పీకి చూశాం కనుక ఆ రోజు దొరికింది. చూడకపోతే అది కూడా ఎలుక కోసం ఎదురుచూస్తూ కూర్చునేది.

ఇప్పుడు నా మొండి వాదన. మెరుగైన ప్రోటోకాల్ మొదటి చావుని ఇంకా మెత్తగా కప్పిపెడుతుంది. పాత స్పానింగ్ ట్రీ రోజుల్లో తీగ తెగితే యాభై సెకన్లు ప్లాంటంతా గగ్గోలు. బాధగా ఉండేది, కానీ తెగిందని ఊరందరికీ తెలిసేది, సాయంత్రానికి తీగ బాగయ్యేది. రింగ్‌లో ఒక చిన్న కుదుపు. గమనించే ఆపరేటర్ ఉంటే గమనిస్తాడు. పీఆర్‌పీలో అదీ లేదు. ఒక నెట్‌వర్క్ మొత్తం చచ్చిపోయినా ఒక్క ఫ్రేమ్ పోదు. అంత ప్రశాంతంగా సగం చావడం ఇంకే యంత్రానికీ చేతకాదు. రింగ్ తెగి పదకొండు నెలలు తెలియనివాళ్లకి పీఆర్‌పీ ఇస్తే పదకొండేళ్లు తెలియదు. ఉట్టికెక్కలేనమ్మకి స్వర్గానికి నిచ్చెన కొనిస్తాం అన్నట్టుంది ఆ మీటింగ్ తీర్మానం.

దీనికి ఎదురు వాదన ఉంది, న్యాయమైనదే. సబ్‌స్టేషన్లలో పనిచేసే నా స్నేహితుడొకడు ఫోన్‌లో గట్టిగానే తగులుకున్నాడు. పీఆర్‌పీ మూగది కాదు, ప్రతి నోడూ రెండు సెకన్లకోసారి సూపర్‌విజన్ ఫ్రేమ్ పంపుతుంది, ఏ నెట్‌వర్క్ నుంచి ఏది రాలేదో ప్రతి పరికరం కౌంటర్లలో లెక్క రాస్తుంది, నువ్వు చూడకపోతే అది దాని తప్పెలా అవుతుంది అన్నాడు. ఒప్పుకున్నాను. "మరి మీ సబ్‌స్టేషన్‌లో ఆ కౌంటర్లు ఎవరు చూస్తారు?" అని అడిగాను. కాసేపు ఆగి, "స్కాడాకి తెచ్చాం. అలారం లిస్ట్‌లో ఉంటుంది" అన్నాడు. ఎన్నో అలారం అని నేను అడగలేదు. అలారం లిస్టులు ఎలా ఉంటాయో ఇద్దరికీ తెలుసు.

వాడు చెప్పిన ఇంకో మాట మాత్రం నా పక్షానే పడింది. ఒకచోట పీఆర్‌పీ రెండు నెట్‌వర్కులకీ ఒకే పన్నెండు కోర్ల ఫైబర్ వాడారట. ఒకటీ రెండూ కోర్లు (లోపలి పోగులు) 'ఏ' అనే నెట్‌వర్క్‌కి, మూడూ నాలుగూ 'బీ' అనే నెట్‌వర్క్‌కి. డ్రాయింగ్‌లో రెండు గీతలు, రెండు రంగులు, చూడముచ్చటగా ఉన్నాయట. నేలలో ఒకటే తీగ. జేసీబీ పన్నుకి డ్రాయింగ్ రంగులు కనిపించవు. నేను చూసిన ఇంకోచోట రెండు నెట్‌వర్కుల స్విచ్‌లూ ఒకే ప్యానెల్‌లో, ఒకే ఇరవై నాలుగు వోల్ట్‌ల సప్లై మీద, దాని మీద ఒకే ఎంసీబీ. మా కూలర్ కుర్రాడు అక్కడ ఫ్యాన్ మార్చినా కథ ఇదే.

ఈ జబ్బుకి రెండు ముఖాలున్నాయి, రెండూ ఒకే ఊళ్లో కనబడ్డాయి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రం. 1975 మార్చి 22న కేబుళ్లు గోడలోంచి వెళ్లే చోట గాలి కారుతోందేమో చూడటానికి ఒక పనివాడు కొవ్వొత్తి పట్టుకున్నాడు. సందులు మూసిన పాలీయురెథేన్ నురగ అంటుకుంది. మంటలు దాదాపు ఏడు గంటలు. 1600కి పైగా కేబుళ్లు దెబ్బతిన్నాయి. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని పెట్టుకున్న భద్రతా వ్యవస్థల తీగలు పక్కపక్కనే ఉండటంతో కలిసే కాలాయి. ఆ తర్వాతే అమెరికా అణు నియంత్రణ సంస్థ, ఒకదానికొకటి బదులుండే తీగల మధ్య ఇరవై అడుగుల దూరమో, మూడు గంటలు మంటకి తట్టుకునే గోడో ఉండాలన్న తరహా నిబంధనలు తెచ్చింది.

ముప్ఫై ఒక్కేళ్ల తర్వాత, 2006 ఆగస్టు 19న, అదే కేంద్రంలో మూడో యూనిట్. రియాక్టర్‌లో నీటిని తిప్పే రీసర్క్యులేషన్ పంపులు రెండు, రెంటికీ వేర్వేరు డ్రైవ్ కంట్రోలర్లు. కంట్రోల్ నెట్‌వర్క్ మీద ట్రాఫిక్ మితిమీరింది. రెండు కంట్రోలర్లూ ఉక్కిరిబిక్కిరై నిలిచిపోయాయి, రెండు పంపులూ ఆగాయి. ఆపరేటర్లు రియాక్టర్‌ని చేత్తో ఆపేయాల్సి వచ్చింది. తర్వాత ఆ కంట్రోలర్ల ముందు ఫైర్‌వాళ్లు పెట్టారు. ఇక్కడ ఏ తీగా తెగలేదు, ఏదీ కాలలేదు. ఇరవై అడుగుల దూరం ఉన్నా ఉపయోగం లేదు, ఎందుకంటే రెండూ ఒకే వానలో నిలబడ్డాయి. మొదటిసారి మంట పంచుకున్నాయి, రెండోసారి ఫ్రేములు పంచుకున్నాయి. రికవరీ టైమ్ సున్నా అని రాసే గడిలో ఈ రెండూ ఎక్కడ రాయాలో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

రింగులో కూడా ఇలాంటి వాన దాగుంటుంది. ఎంఆర్‌పీలో మేనేజర్ ఒక్కడే ఉండాలి. వేర్వేరు కంపెనీల స్విచ్‌లు కలిపినచోట ఇద్దరు మేనేజర్లు తయారవడం చూశాను. ఒకే ఒరలో రెండు కత్తులు. వాళ్లిద్దరూ చెరో పోర్ట్ మూసుకుని రింగ్‌ని రెండు ముక్కలు చేశారు. ఇంకా చెడ్డది, ఎవరూ మేనేజర్ కాకపోవడం. పాడైన స్విచ్ స్థానంలో స్టోర్ నుంచి కొత్తది తెచ్చి, కాన్ఫిగర్ చేయకుండా పెట్టేస్తారు, రెండు తీగలూ గుచ్చేస్తారు. మేనేజర్ ఉన్న స్విచ్చే అదైతే రింగ్ మూసుకుంటుంది, ఆపేవాడు లేడు, వాన మొదలవుతుంది. రిడండెన్సీ (ఒకటి పోతే ఇంకోటి) కోసం పెట్టిన తీగే ఉరితాడవుతుంది. లేకపోయినా బాగుండేది అనిపించే రోజు అది.

ఇవన్నీ పుస్తకంలో చదివి నేర్చుకోవచ్చు. నాకు చదివినా నమ్మబుద్ధి కాక కాగితం మీద గీసుకుని చూసుకున్నది ఒకటుంది. ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ మీద ముప్ఫై స్విచ్‌ల రింగ్ ఊహించుకోండి. పెద్ద స్విచ్ నుంచి కబురు ఒక్కో స్విచ్ దాటే కొద్దీ వయసు ఒకటి పెరుగుతుంది. మ్యాక్స్ ఏజ్ మామూలుగా 20. ఆ వయసుకి చేరిన కబురుని స్విచ్‌లు పారేస్తాయి. రింగ్ మూసి ఉన్నప్పుడు ఎంత దూరపు స్విచ్ అయినా పెద్దకి పదిహేను స్విచ్‌ల దూరంలోపే ఉంటుంది, ఇటైనా అటైనా. అంతా పచ్చగా ఉంటుంది, ఏళ్ల తరబడి. ఒకరోజు పెద్ద స్విచ్ పక్కనే తీగ తెగుతుంది. ఇప్పుడు చివరి స్విచ్ ఇరవై తొమ్మిది స్విచ్‌ల దూరం. ఇరవై దగ్గర కబురు చచ్చిపోతుంది. ఆ అవతల ఉన్నవాళ్లు తమకి పెద్ద లేడనుకుని వేరే పెద్దని ఎన్నుకుంటారు, సరిహద్దు దగ్గర తగవు మొదలవుతుంది. రింగ్ తెగకుండా ఉన్నంతకాలం లోపం లేదు. రింగ్ దేనికోసం ఉందో ఆ పని పడిన రోజునే లోపం పుడుతుంది. మ్యాక్స్ ఏజ్ పెంచితే తీరేదే, 40 దాకా పెంచొచ్చు. కానీ పెంచాలని ఎప్పుడు తెలుస్తుంది?

తీగ పీకితే తెలుస్తుంది. పీకడం ఒక్కటే పరీక్ష. నేను దీని మీద చాలామందితో గొడవపడ్డాను. మా ప్రొడక్షన్ పెద్దాయన ఒకే ముక్క అంటారు: "నడుస్తున్నదాన్ని ఎందుకయ్యా కెలుకుతావ్?" ఆయన కోణం నాకు అర్థమవుతుంది. కిల్న్ ఆగితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయన. కానీ ఏడాదికోసారి ఇటుకలు మార్చడానికి కిల్న్ ఎలాగూ ఆగుతుంది. ఆ రోజుల్లో ఒక పూట నాకివ్వండి అన్నాను. ఒక పూటకి బదులు రెండు గంటలిచ్చారు.

రెండు గంటల్లో ఏం పీకాలి అన్నది కూడా ఆలోచించాల్సిందే. రింగ్ కేబుల్ ఒక్కటి పీకి పెట్టి "పాస్" రాసుకోవడం పెళ్లిచూపుల్లో పాట పాడించడం లాంటిది. స్విచ్ పవర్ ఆపాలి, ఎందుకంటే రాగి గిగాబిట్ పోర్ట్ అవతలివైపు చచ్చిందని గ్రహించడానికే ముప్పావు సెకను దాకా తీసుకోగలదు, అప్పుడు ప్రోటోకాల్ వేగం ఎంత ఉన్నా వృథా. ఫైబర్ రెండు కోర్లలో ఒక్కటే పీకాలి, ఎందుకంటే ఎలుక రెండూ కలిపే కొరుకుతానని మాటివ్వలేదు. ఒక దిక్కు మాత్రమే పోయినప్పుడు ఒక చివర లింక్ ఉన్నట్టు, ఇంకో చివర లేనట్టు కనిపించి, స్పానింగ్ ట్రీలో మూసుకోవాల్సిన పోర్ట్ తెరుచుకుని లూప్ పడిన సందర్భాలున్నాయి. మేనేజర్ స్విచ్‌నే ఆపాలి. తీగ తిరిగి పెట్టినప్పుడు కూడా గడియారం పట్టుకుని చూడాలి. పోయినప్పటికంటే వచ్చినప్పుడు ఎక్కువ అల్లరి చేసే నెట్‌వర్కులు నేను చూశాను.

పీఆర్‌పీ ప్రతిపాదన చివరికి డబ్బుల దగ్గర ఆగిపోయింది, నా వాదన దగ్గర కాదు. మా పాత పీఎల్‌సీలకి రెండు పోర్టులు లేవు. ఒక్కోదాని ముందూ రెడ్‌బాక్స్ (ఒక్క పోర్టు పరికరాన్ని రెండు నెట్‌వర్కులకీ కలిపే పెట్టె) పెట్టాలి. ఆ పెట్టె పోతే రెండు నెట్‌వర్కులూ ఉండి కూడా పీఎల్‌సీ ఒంటరే. ఆ ఖర్చు చూశాక సున్నా మీద ప్రేమ తగ్గింది. బదులుగా నాకు దొరికినవి: పద్నాలుగు స్విచ్‌లకీ ఫాల్ట్ రిలే వైరింగ్, రెండు డిజిటల్ ఇన్‌పుట్ కార్డులు, ఒక టైమ్ సర్వర్, ప్యాకింగ్ ప్లాంట్ వైపు నుంచి కొత్త ట్రెంచ్‌లో వేరే దారిన ఫైబర్. కిల్న్ ఒక్కరోజు ఆగితే పోయే డబ్బు ముందు ఇది చిల్లర. చిల్లర కనుకనే ముందెప్పుడూ ఎవరి కంటికీ ఆనలేదు, నా కంటికి కూడా.

ఈ ఏడాది షట్‌డౌన్‌లో అంతా వైర్ చేశాక క్రషర్ దగ్గరికి వెళ్లాను. కంట్రోల్ రూమ్‌కి ముందుగా చెప్పలేదు. అదే పెట్టె, అదే ప్యాచ్ కార్డ్, ఇప్పుడు చుట్టూ ఇనుప జాలీ. పీకాను. పసుపు లైటు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ల్యాప్‌టాప్ మీద పింగ్ ఒక్కటి కూడా తప్పిపోలేదు. రిలే టక్కుమంది. టెక్నీషియన్ నా వైపు చూసి నవ్వాడు. ఇద్దరం అక్కడే కన్వేయర్ నీడలో కూర్చుని ఫోన్ కోసం చూశాం.

ఫోన్ వచ్చింది. కొత్తగా చేరిన ఆపరేటర్. "సార్, రింగ్ ఓపెన్ అని ఏదో చూపిస్తున్నది. అక్‌నాలెడ్జ్ కొట్టేయాల్నా?"

వద్దన్నాను. గడియారం చూసుకుని టెస్ట్ రిపోర్ట్ తీశాను. రికవరీ టైమ్ అన్న గడిలో పోయినసారి నా చేత్తోనే 200 మిల్లీసెకన్ల లోపు అని రాసి ఉంది. దాని కింద గడిలో ఈసారి పంతొమ్మిది నిమిషాలు అని రాశాను.